సారథిగారు రుచి చూడని ద్రాక్షలు

నది పక్క హోటలు,
సోమవారం సాయంత్రం

ప్రియమైన కత్తెరమ్మకి,

క్షేమంగా చేరాను. బస్సు క్షేమం, జనం క్షేమం, నా నడుం మాత్రం ఎప్పటిలాగే దానికి తోచినట్టు ఉంది. ఫోను చెయ్యలేదని అలగకు. ఈ లోయలో సిగ్నలు ఉండదు. ఉన్నా నీతో ఫోనులో మాట్లాడినా ఒకటే, మాట్లాడకపోయినా ఒకటే. "ఆఁ, తిన్నారా, సరే, ఉంటాను, గిరాకీ వచ్చింది" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే నీకు బ్రేకులు ఉండవు. అందుకే ఎప్పటిలా నా రూటు కాగితం, హోటళ్ళ చిరునామాలతో సహా, అద్దం పక్కన అంటించి వచ్చాను.

ఒక ముఖ్యమైన సంగతి. బయల్దేరేముందు యజమాని పిలిచాడు. "ఇదే ఆఖరి సీజను అంటున్నావట. ఇంకో మూడేళ్ళు ఉండవయ్యా, ఆ కొండ రోడ్ల మీద జనం చేతిలో గ్లాసు తొణక్కుండా తోలేది నువ్వొక్కడివే. ఆఖరి రోజు కొండ మీద హోటల్లో విందుకి నేనే వస్తాను, కాగితం తెస్తాను, సంతకం పెట్టు" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. నువ్వేమంటావు? ఇంట్లో ఉండి నేను చేసే పనేమిటో నాకు తెలియడం లేదు. నీకేమైనా తెలుసేమో రాయి.

ఈసారి వైను తోటల బస్సులో మొత్తం పెద్దవాళ్ళే. ఒక రిటైరైన పళ్ళ డాక్టరు ఉన్నాడు, ఎవరు నవ్వినా నోట్లోకి చూస్తాడు. గైడు కొత్తమ్మాయి, మంచిపిల్ల. నదీతీరం, సున్నపు కొండలు, ఇసక తీరం, మంచు కొండ, ఈ నాలుగు ప్రాంతాల ద్రాక్షల పేర్లూ గడగడా చెబుతుంది గాని నాకు నోరు తిరగదు. నా పేర్లు నాకున్నాయి కదా.

ఇవాళ చూసింది కొత్తల్లుణ్ణి. ఈ నది ఒడ్డున మట్టి కనపడదు, అన్నీ తెల్లటి గుండ్రాళ్ళే. పగలంతా ఎండ తాగి, రాత్రంతా ఆ వేడి తీగలకి ఇస్తాయట. ఆ రాళ్ళలో పెరిగే తెల్లద్రాక్ష ఇది. చల్లగా చూసుకోవాలి, పల్చటి గ్లాసులో పోయాలి, నెమ్మదిగా పలకరించాలి, అప్పుడుగాని నోరు విప్పదు. కొత్తల్లుడు కాక మరేమిటి? ఇది తాగి బస్సెక్కినవాళ్ళు ఒకరికొకరు కిటికీ సీటు ఇచ్చుకుంటూ, "మీరు కూర్చోండి", "అబ్బే, మీరే కూర్చోండి" అని పావుగంట నిలబడే ఉంటారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇది తప్పలేదు.

నలుగురికీ వడ్డించి తాను పస్తున్నవాడిలా ఉంది నా బతుకు. సీజను ఆఖర్న తోటలవాళ్ళిచ్చే సీసా మీ తమ్ముడికే పోతోంది. నువ్వు పిచ్చి అంటావు గాని, ఆ వైను ఆ మట్టి మీద నిలబడి తాగాలి. ఇంట్లో మంచం మీద కూర్చుని తాగితే అది ఉత్త మందు. ఆ మట్టి దగ్గరికి రైలు పోదు. తోలుకునే పోవాలి. తోలేవాడు తాగకూడదు. నాకూ ఒక డ్రైవరుంటే ఎంత బావుండేదో! సరేలే, జాతకం.

వేళకి తిను. మిషను ముందు కూర్చుంటే నీకు ఆకలి తెలియదు.

నీ
బస్సాయన

---

ఇంటి నుంచి,
శుక్రవారం

ప్రియమైన సారథిగారికి,

మీ ఉత్తరం అందింది. కొత్తల్లుడి సంగతి చదివి కొట్లో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే, కొలతలివ్వడానికొచ్చిన ప్లీడరమ్మ తన నడుం చూసి నవ్వుతున్నాననుకుంది. ఆవిడకి మళ్ళీ నల్లకోటు. పోయిన కోటు బొత్తాలు ఇప్పుడు కలుసుకోవడం లేదు. "గుడ్డ కుంచించుకుపోయిందమ్మా" అన్నాను. వ్యాపారం కదా.

అందని ద్రాక్ష పుల్లన అనుకుని ఊరుకునేవాళ్ళే లోకంలో అందరూ. మీరొక్కరే, అందని ద్రాక్ష తియ్యన అని ముప్పై ఏళ్ళుగా పాడుతున్నారు.

సంతకం సంగతి అడిగారు. మీ ఇష్టం.

మీ కాళ్ళకి చక్రాలున్నాయని తెలిసే చేసుకున్నాను. వద్దంటే ఇంట్లో కూర్చుని కిటికీలోంచి పోయే ప్రతి బస్సుకీ గేరు ఎప్పుడు మార్చాలో చెబుతారు. వెళ్ళమంటే "వెళ్ళమంది" అంటారు. కాబట్టి మీ ఇష్టం.

ఇక్కడి కబుర్లు పెద్దగా లేవు. వెనక షెడ్డు ఖాళీ చేయించాను. మీ పాత టైర్లు, పనికిరాని బ్యాటరీ, ఆ చిల్లుల తార్పాలిన్, అన్నీ పాతసామానువాడికి ఇచ్చేశాను. మీ పడక్కుర్చీ మాత్రం ఇవ్వలేదు, తమ్ముడింట్లో పెట్టించాను. షెడ్డెందుకని అడక్కండి, పనుంది.

నా ఎడమ కాలు పిక్క పట్టేసింది. మిషను తొక్కడం వల్లే అనుకోండి. రాత్రిళ్ళు నూనె రాసుకుంటున్నాను, తగ్గుతుంది.

నడుం కింద దిండు పెట్టుకోండి. పెట్టుకుంటున్నానని అబద్ధం రాయకండి, దిండు ఇక్కడే మర్చిపోయారు.

మీ
కత్తెర

---

సున్నపు కొండల హోటలు,
బుధవారం

ప్రియమైన కత్తెరమ్మకి,

దిండు మర్చిపోయిన మాట నిజమే. కోటు మడిచి పెట్టుకుంటున్నాను.

ఇవాళ పెద్దకోడలి ఊళ్ళో ఉన్నాం. ఇక్కడి కొండలు గోకితే సున్నం రాలుతుంది. నల్లద్రాక్ష, మందపాటి తోలు, ఎండకీ వానకీ చలించదు. మొదటేడు నోట్లో పెట్టుకుంటే నాలుక పిడచకట్టుకుపోతుందట, పీపాలో అయిదారేళ్ళు ఓపిక పట్టాక మెత్తబడుతుందట. ఇంటి భారమంతా మోసే పెద్దకోడలు ఇంకెలా ఉంటుంది? ఇది తాగి బస్సెక్కితే చాలు, ఒక్కడూ నవ్వడు. ఇల్లు కట్టడం, పొలం పంచడం, పిల్లల చదువులు, అన్నీ గంభీరంగా మాట్లాడతారు. పళ్ళ డాక్టరు వెనక సీట్లో ఉన్న లెక్కల పంతులమ్మకి వీలునామా ఎలా రాయాలో చెబుతూ వచ్చాడు. ఆవిడ అడగలేదు.

ప్రతి వరస మొదట్లో ఒక గులాబీ మొక్క ఉంటుంది. అందం కోసం కాదు. తీగకి రాబోయే తెగులు ముందు గులాబీ ఆకు మీద కనపడుతుందట. అది వాడిందంటే రైతు పరిగెత్తుకొస్తాడు.

ఈ ముక్క రాస్తుంటే నీ ఉత్తరమే గుర్తుకొస్తోంది. ఎక్కడో ఆకు వాడినట్టుంది. నా సామాన్లు తీయించావు, నా కుర్చీ ఇల్లు దాటించావు, పనేమిటో చెప్పవు. "మీ ఇష్టం" అన్నావు. మన పెళ్ళయిన కొత్తలో పరుపు గుడ్డ రంగు గురించి నువ్వు "మీ ఇష్టం" అంటే నేను నమ్మి ఆకుపచ్చ తెచ్చాను. ఏడాదిపాటు దాని మీద దుప్పటి తియ్యలేదు నువ్వు. అప్పట్నుంచీ ఆ మాటంటే నాకు దడ.

చల్లకొచ్చి ముంత దాచడం నీకు అలవాటు లేదు. ఏమిటో చెప్పు.

కాలు నొప్పి అశ్రద్ధ చెయ్యకు. డాక్టరుకి చూపించు. మిషను రోజూ గంట తక్కువ తొక్కు, ప్లీడరమ్మ కోటు ఆగితే ఆగింది, కోర్టు ఆగదు.

నిన్న మంచి ఆపదే తప్పింది. ఇక్కడ వాలులో మెట్లు మెట్లుగా తోటలు, మధ్యలో ఒకే బండి పట్టే రోడ్డు. సగం ఎత్తు ఎక్కానో లేదో, ఎదురుగా ద్రాక్ష బుట్టలతో ట్రాక్టరు. ఇటు గోడ, అటు లోయ. వాడు వెనక్కిపోయే దాకా ఎత్తు మీదే బస్సు ఆపి నిలబెట్టి, మళ్ళీ అక్కణ్ణుంచే కదిపాను. ఒక్క అంగుళం జారలేదు. చప్పట్లు కొట్టారు. నీకు చెప్పుకోకపోతే ఎలా?

వచ్చే వారం సీజను మధ్య సెలవు. రెండు రోజులు ఇంటికొస్తాను. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

నీ
బస్సాయన

---

ఇంటి నుంచి,
శనివారం

ప్రియమైన సారథిగారికి,

మధ్య సెలవుకి రాకండి.

కోపగించుకోకండి. ఆ రెండు రోజులూ నేను ఇంట్లో ఉండను. ఒక పని మీద పట్నంలో ఆఫీసుకి వెళ్ళాలి. మీరొస్తే ఖాళీ ఇల్లు చూసుకుంటూ కూర్చుంటారు. అంత దూరం ప్రయాణం, పైగా ఆ నడుం. అక్కడే సముద్రం గాలికి కాళ్ళు చాపుకుని పడుకోండి.

ఆకుపచ్చ పరుపు గుడ్డ సంగతి ఇన్నేళ్ళయినా మర్చిపోలేదన్నమాట. అది ఆకుపచ్చ కాదు, కుళ్ళిన బీరకాయ రంగు. సరే, వదిలేద్దాం.

ట్రాక్టరు సంగతి చదివితే గుండె గుభేలుమంది. ఎత్తు మీద ఆపిన బస్సు మళ్ళీ కదిలేటప్పుడు వెనక్కి జారదా? బ్రేకు మీంచి కాలు తీసి ఆక్సిలేటరు మీద పెట్టేలోగా జారాలి కదా? ఉన్నవి రెండు కాళ్ళు, తొక్కాల్సినవి మూడు. మీరెలా చేస్తారో వివరంగా రాయండి. ఏ కాలు ముందు, ఏ చెయ్యి ఎప్పుడు, అంతా. తెలిస్తే నాకు నిద్ర పడుతుంది. ఇన్నేళ్ళు కాపురం చేసి మీ పనేమిటో ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడైనా అడగనివ్వండి.

మడమల చెప్పులు తీసేసి, కింద చదునుగా ఉండే బూట్లు కొనుక్కున్నాను. పిక్కకి మంచిదని. తమ్ముడు చూసి "అక్కా, పోలీసులా ఉన్నావు" అన్నాడు. వాడు ఈమధ్య రోజూ పొద్దున్నే వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా చెమటలు కక్కుతూ వెళ్తాడు, పాపం.

షెడ్డు గురించి మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పను.

మీ
కత్తెర

---

ఇసక తీరం హోటలు,
సెలవు రోజు

ప్రియమైన కత్తెరమ్మకి,

ఈ రెండు రోజులకీ అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. గైడమ్మాయి కూడా వెళ్ళింది. "మీరు వెళ్ళలేదేం బాబాయ్?" అంటే, నడుం అన్నాను. పెద్ద డైనింగు హాల్లో నేనొక్కణ్ణే కూర్చుని సూపు తాగితే, ఆ జుర్రుడు నాకే వినపడి సిగ్గేసింది.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతాను. అడిగావంటే ఎంత సంతోషమేసిందో! ముప్పై ఏళ్ళలో నా పని గురించి నువ్వడిగిన మొదటి ప్రశ్న.

ఎత్తు మీద ఆగినప్పుడు ముందు చేతి బ్రేకు పూర్తిగా లాగెయ్యాలి. ఇప్పుడు బండిని పట్టుకుంది చెయ్యి, కాలు కాదు. కాబట్టి కుడికాలు హాయిగా ఆక్సిలేటరు మీదికి రావచ్చు. కొంచెం ఇవ్వు, ఎక్కువ వద్దు. ఎడమకాలు క్లచ్చి మీంచి నెమ్మదిగా, సూదిలో దారం ఎక్కించినంత నెమ్మదిగా లేపు. ఒక చోట ఇంజను గొంతు మారుతుంది, బరువెత్తేవాడు మూలిగినట్టు. బండి ముక్కు కాస్త పైకి లేస్తుంది. అక్కడ కాలు ఆపు. అదే కీలకం, అందరూ అక్కడే కంగారుపడి కాలు వదిలేస్తారు, బండి ఆగిపోతుంది. నువ్వు ఆపు. ఊపిరి తీసుకో. ఇప్పుడు చేతి బ్రేకు వదులు. బండి తనంతట తనే ముందుకు పోతుంది. వెనక ఎవడు హారను కొట్టినా అద్దంలోకి చూడకు. చెవి ఇంజను మీద, కన్ను రోడ్డు మీద. కొడితే కొట్టనీ, వాడి చెయ్యి వాడిష్టం.

చూశావా, నీకే నేర్పిస్తున్నట్టు రాసేశాను. నీకు సైకిలు నేర్పబోతే ఏమైందో నాకు గుర్తుంది. తిన్నగా పోయి స్కూలు గోడని కౌగిలించుకున్నావు.

ఈ తీరంలో ఉన్నది ముత్తవ్వ. ఎర్రద్రాక్ష. పందిరి లేదు, తీగ లేదు, ఇసకలో పొట్టి పొదల్లా కూర్చుని ఉంటాయి. ఒళ్ళంతా మెలికలు. గైడమ్మాయి చెప్పింది: ఒకప్పుడు వేరు పురుగొచ్చి తోటలన్నీ చచ్చిపోయాయట. అప్పట్నుంచీ అందరూ పురుగుని తట్టుకునే వేరు ఒకటి తెచ్చి, దాని మీద తమ కొమ్మని అంటుకడుతున్నారు. ఇసకలోకి పురుగు రాలేదు కాబట్టి ఇక్కడ మాత్రం ముత్తవ్వ సొంత వేళ్ళ మీదే ఉంది. ఇది తాగితే చాలు, ఎవరికి ఏ పాట వచ్చో అన్నీ బయటికొస్తాయి. లెక్కల పంతులమ్మ ఎక్కాలు కూడా రాగం తీసి పాడింది.

అంటుకట్టిన మొక్క సంగతి వింటుంటే నాకు మనమే గుర్తొచ్చాం. పైన ఊగే కొమ్మని నేను. ఏడాదిలో సగం రోజులు ఊగుతూనే ఉన్నాను. నన్ను మోసిన వేరు నువ్వు. ఇల్లు, పిల్లల జ్వరాలు, వాళ్ళ పెళ్ళిళ్ళు, కొట్టు, అన్నీ నువ్వే చూశావు. నేను పోస్టులో కబుర్లు పంపాను. ఇప్పుడు ఈ కొమ్మ వచ్చి ఇంట్లో పడితే వేరుకి అడ్డమేమోనని అనుమానం. నిజం చెప్పు, నేను ఇంట్లో ఉంటే నీకు ఇబ్బందా? ఉంటే అను. నేనేమీ అనుకోను. అనుకుంటాను గాని, నీకు చెప్పను.

నీ
బస్సాయన

---

ఇంటి నుంచి

ప్రియమైన మీకు,

ఈసారి పెద్ద ఉత్తరం రాయలేను. మనసు బాలేదు.

పట్నంలో ఒక పని అనుకున్నాను. కాలేదు. ఇది రెండోసారి కాకపోవడం. ఈ వయసులో నాకెందుకు అనిపించింది. వచ్చేదారిలో బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఇంటికొచ్చిన మూడోరోజున మీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. ముఖ్యంగా ఎత్తు మీది సంగతి.

ఇబ్బందా అని అడిగారు. దానికి కాగితం మీద జవాబు రాయను. ఎదురుగా చెబుతాను.

ఒంట్లో బానే ఉంది, కంగారుపడకండి. సంతకం మాత్రం ఇప్పటికీ మీ ఇష్టమే.

మీ
కత్తెర

---

మంచు కొండ మీది హోటలు,
ఆదివారం

ప్రియమైన కత్తెరమ్మకి,

నీ చిన్న ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఏ పని కాలేదు? ఎవరు ఏడిపించారు? రెండు రోజులుగా హోటలు ఫోను నుంచి కొట్టుకు ఫోను చేస్తుంటే ఎవరూ ఎత్తడం లేదు. పగటిపూట నువ్వు కొట్లో లేకపోవడమేమిటి? మీ తమ్ముడికి చేస్తే, "అక్క బానే ఉంది బావా, నన్నేమీ అడక్కు, చంపేస్తుంది" అని పెట్టేశాడు. ఆ మాట విన్నాక ఒంట్లో బాగానే ఉందన్న నమ్మకమైతే కుదిరింది. చంపేటంత ఓపిక ఉందన్నమాట.

ఇది ఆఖరి మజిలీ. ఇక్కడ పండేది కడగొట్టుది. అన్ని ద్రాక్షలూ కోశాక కూడా దీన్ని తీగ మీదే వదిలేస్తారు. పొద్దున్నే మంచు పొగ కమ్ముతుంది, మధ్యాహ్నం ఎండ కాస్తుంది, పండు ముడతలు పడి, బూజు పట్టి, పారేసేటట్టు తయారవుతుంది. అప్పుడు ఒక్కొక్క పండే ఏరి కోస్తారు. దాని రసం తేనెలా ఉంటుందట. ఇంట్లో అందరికంటే ఆలస్యంగా పుట్టి, గారాబమంతా తనే తినే కడగొట్టు పిల్లలాంటిది. ఇది తాగినవాళ్ళు పాత సంగతులు తవ్వుకుని ఏడుస్తారు. నిన్న బస్సులో పళ్ళ డాక్టరు, చచ్చిపోయిన తన కుక్క గురించి చెబుతూ దిగేదాకా ఏడ్చాడు. గైడమ్మాయి కూడా ఏడ్చింది. నేను మాత్రం అద్దంలో అందర్నీ చూస్తూ తోలాను. 

బాగా ఆలోచించాను. శనివారం మధ్యాహ్నం విందు, యజమాని వస్తున్నాడు. సంతకం పెట్టేస్తాను.

నీ మీద కోపంతో కాదు. నా సామాను లేని ఇల్లు, నా కుర్చీ లేని గది, నువ్వు రావద్దన్న సెలవు, ఇవన్నీ కలిపి చూసుకున్నాను. నేను లేకుండా బతకడం నీకు అలవాటైపోయింది. అది నేను చేసిన అలవాటే. ఇప్పుడొచ్చి నీ దారికి అడ్డం కూర్చోవడం న్యాయం కాదు. మూడేళ్ళు గడిచాక చూద్దాం. ఎప్పటిలాగే ఉత్తరాలు రాసుకుందాం, అందులో మాత్రం మనిద్దరికీ తిరుగులేదు.

ఇది నీకు అందేసరికి గురువారమవుతుంది. నువ్వు జవాబు వేసినా శనివారంలోగా నాకు చేరదు. కాబట్టి రాయకు. కాలు జాగ్రత్త.

నీ
బస్సాయన

---

మీ హోటలు కింద నుంచి,
శనివారం

నా పిచ్చి సారథిగారికి,

కవరు మీద స్టాంపు లేదని చూశారా? హోటలు అబ్బాయి కాఫీతోపాటు ఇచ్చేసరికి, ఎవరు పంపారో అడిగారా? అడిగి ఉండరు. అడిగే అలవాటే మీకుంటే నేనింత కష్టపడి దాచేదాన్ని కాదు, మొదటి ఉత్తరంలోనే దొరికిపోయేదాన్ని.

ఎడమ కాలు పిక్క మిషను తొక్కడం వల్లే "అనుకోండి" అన్నాను. మీరు బుద్ధిగా అనుకున్నారు. రెండేళ్ళ కింద ఆ మిషనుకి మోటారు పెట్టించిందెవరు? మీరే. మోటారు మిషనుకి ఎడమ కాలితో పనేమిటి మహానుభావా? ముప్పై ఏళ్ళు క్లచ్చి తొక్కిన మనిషి, పెళ్ళాం ఎడమ పిక్క నొప్పి అంటే డాక్టరు దగ్గరికి పొమ్మంటాడా? చదును బూట్లు కొన్నానన్నాను. రోజూ పొద్దున్నే తమ్ముడొచ్చి చెమటలు కక్కుతున్నాడన్నాను. షెడ్డు ఖాళీ చేశానన్నాను. పైగా ఎత్తు మీద బండి ఎలా కదపాలో కాలు కాలుకీ అడిగాను. ఇంకేం చెయ్యాలి, కాగితం మీద బొమ్మ గియ్యాలా?

అవును. డ్రైవింగు నేర్చుకున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ముందు మన వెనక సందు గెలిచాను. తమ్ముడు కొత్తబండి కొనుక్కున్నాడు, పాత చిన్నకారు నాకిచ్చాడు. షెడ్డులో ఉండేది అదే. షెడ్డు గోడకి ఒక చోట సున్నం రాలింది. ఇంటికెళ్ళాక చూసి ఏమీ అనకండి. అనాలనిపిస్తే ఆకుపచ్చ పరుపు గుడ్డని తలుచుకోండి.

మీ సెలవు రోజుల్లోనే పరీక్ష పడింది. అప్పటికే ఒకసారి పోయింది. రెండోసారీ పోయింది. రెండుసార్లూ అక్కడే, ఆ దిక్కుమాలిన ఎత్తు మీద. కాలు తీస్తే జారుతుంది, తొక్కితే ఆగిపోతుంది. వెనక లారీవాడు హారను. పరీక్ష పెట్టినాయన "ఈ వయసులో ఎందుకమ్మా" అన్నాడు. ఆ మాటకే ఏడ్చాను.

ఇంటికొచ్చిన మూడోరోజున మీ ఉత్తరం. "కొడితే కొట్టనీ, వాడి చెయ్యి వాడిష్టం." కొట్టు మూసేసి, వారమంతా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నీళ్ళ ట్యాంకు ఎత్తు ఎక్కాను, దిగాను. మీరు రాసింది రాసినట్టు చేశాను. ఇంజను మూలిగింది. ముక్కు లేచింది. కాలు ఆపి, ఊపిరి తీసుకున్నాను. మొన్న గురువారం మూడోసారి పరీక్ష. లారీవాడు మళ్ళీ కొట్టాడు. అద్దంలోకి చూడలేదు. ఒక్క అంగుళం జారలేదండీ! ఈసారి ఆయన సంతకం పెట్టాడు. చప్పట్లు కొట్టడానికి మీరు లేకపోయారని బాధేసింది.

ఇంటికొచ్చేసరికి మీ ఆదివారం ఉత్తరం. చదివి, నిన్న తెల్లారి బయల్దేరాను. రాత్రి దారిలో సత్రంలో పడుకున్నాను. తమ్ముడు తోడొస్తానన్నాడు. పక్క సీటు రిజర్వు అయిపోయిందన్నాను.

ఇదంతా ఎందుకు చేశానో తెలుసా? నాకూ ఒక డ్రైవరుంటే ఎంత బావుండేదో అని ఈ సీజనులో రాశారు. కిందటి సీజనులోనూ రాశారు. అంతకు ముందూ రాశారు. పెట్టెలో ఉన్న మీ ఉత్తరాల్లో ఆ మాట లేని ఏడాది లేదు. మనిషి అంత అడిగితే పెళ్ళాం ఎన్నాళ్ళు వినపడనట్టుంటుంది? ముందే చెబితే మీరు స్కూలు గోడ కథ ఊరంతా చెబుతారు. పాసయ్యాకే చెబుదామనుకున్నాను.

ఇబ్బందా అని అడిగారు కదా. ఎదురుగా చెబుతానన్నాను గాని, ఎదురుగా ఉంటే నేను వంకర మాటలే ఆడతాను. అందుకే రాస్తున్నాను. మీరు బయల్దేరిన ప్రతిసారీ ఆ రాత్రి నాకు అన్నం దిగదు. మర్నాడు సర్దుకుంటాను. ముప్పై ఏళ్ళు సర్దుకున్నాను. దాన్ని మీరు అలవాటు అంటున్నారు. పడక్కుర్చీ తమ్ముడింట్లో ఎందుకుందంటే, వాడు దానికి కొత్త గుడ్డ వేయిస్తున్నాడు. రంగు నేనే చెప్పాను.

కోతలు అయిపోయినా వైను గదులు ఇంకో రెండు వారాలు తెరిచే ఉంటాయని మీ గైడమ్మాయి చెప్పింది. ఫోనులో మాట్లాడాను. ఆమెకి అంతా తెలుసు. మీ రూటే, కాకపోతే వెనక నుంచి ముందుకి: ఇవాళ ఇక్కడ కడగొట్టుది, తర్వాత ముత్తవ్వ, తర్వాత పెద్దకోడలు, ఆఖర్న కొత్తల్లుడు. మీ ఉత్తరాలు ఆ వరసలోనే పెట్టుకుని తెచ్చాను. ఆ మట్టి మీద నిలబడి, మీరు తాగండి. నేను తోలతాను.

సంతకం పెట్టాలనుంటే పెట్టండి. మూడేళ్ళు పోయాకైనా ఈ సీటు మీదే. మీ ఇష్టం. ఈసారి నిజంగానే. కాని ముందు కిటికీలోంచి కిందికి చూడండి. కారు రెండు గీతల మధ్య లేదు, తెలుసు. నవ్వకుండా రండి.

మీ
డ్రైవరు

---

పక్క సీట్లోంచి,
శనివారం సాయంత్రం

ప్రియమైన డ్రైవరమ్మకి,

మనింట్లో జవాబు లేని ఉత్తరం లేదు కాబట్టి రాస్తున్నాను. నువ్వు రోడ్డు మీంచి కళ్ళు తియ్యవు, అందుకని ఇప్పుడు చదవలేవు. ధైర్యంగా రాయొచ్చు. గీతలు వంకర పోతున్నది రోడ్డు వల్ల, నీ గేర్ల వల్ల కాదు. కొంచెం గేర్ల వల్ల కూడా.

యజమాని ఇచ్చిన కాగితం వెనకే రాస్తున్నాను. ముందువైపు సంతకం లేదు. "కాగితమైనా తిరిగివ్వవయ్యా" అన్నాడు. ఉత్తరం రాసుకోవాలన్నాను. కిటికీలోంచి నీ కారు చూసి, "ఆవిడెవరు, ఒక్క కారుకి రెండు బళ్ళ చోటు పట్టేసింది?" అని అడిగాడు. నా డ్రైవరు అని చెప్పాను. 

ఇక ద్రాక్ష సంగతి. తోటలో తీగల మధ్య నిలబెట్టి నువ్వే గ్లాసు అందించావు. నువ్వు పక్కకి తిరిగి గులాబీ మొక్క చూస్తున్నట్టు నటించావు. తియ్యగా ఉంటుందని అందరూ అన్నారు. తియ్యగానే ఉంది, కాని అడుగున పులుపుంది. ఆ పులుపు ఎవరూ నాకు చెప్పలేదు. అందని ద్రాక్షే కాదు, అందిన ద్రాక్షా కాస్త పుల్లనే. అదే బావుంది.

ఇది తాగినవాళ్ళు పాత సంగతులు తవ్వుకుంటారని రాశాను కదా. అద్దంలో చూసి చెప్పిన శాస్త్రం అది. నాకు పాత సంగతి ఒక్కటీ గుర్తు రాలేదు. రేపు సముద్రం దగ్గర ఏ పూట దిగుతాం, ఎల్లుండి ఏం తింటాం, కుర్చీ గుడ్డ ఏ రంగు, ఇవే ఆలోచనలు. ఏడవడం మాత్రం ఏడ్చాను. నువ్వు చూశావు. పళ్ళ డాక్టరుకి చెప్పకు.

నా కుడికాలు నేల మీద ఊరికే బ్రేకు తొక్కుతోంది. దాన్ని ఎడమకాలితో నొక్కి పట్టుకున్నాను. ముందు మలుపు వస్తోంది, వాలు కూడా ఉంది. నేనేమీ అనడం లేదు.

నీ
పక్క సీటాయన